పస్తు సౌందర్యమా?

తిరువూరులో నా తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె బడిలో మధ్యాహ్నం అన్నం మానేసింది. ఎందుకమ్మా అంటే పత్రికలోని సినిమా తార బొమ్మ చూపింది. తల్లి మిరపకోతల కూలీ. పనిలేని రోజు ఆమెకు పస్తే. తల్లి పస్తు దారిద్ర్యమైతే కూతురి పస్తు సౌందర్యమెలా అయింది?

తిండికి భయపడి శరీరాన్ని ఎండగట్టుకోవడం అనొరెక్సియా అనే ప్రాణాంతక వ్యాధి. ఆ వ్యాధి లక్షణాలకే 'జీరో సైజు' అని ముద్దుపేరు పెట్టి వ్యాపార పత్రికలు అమ్ముతాయి. కొవ్వు తీసే చికిత్స ఆ దుకాణంలోనే మరో సరుకు. అది చేయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకు అమెరికాలో మరణించింది. ఆ నవంబరులో వచ్చిన 'సైజ్ జీరో' చిత్రం ఈ వ్యాపారాన్నే ప్రశ్నించింది. సినిమా పేజీలకు మాత్రం కథానాయిక పెరిగిన బరువే వార్త అయింది.

ఫ్రాన్సు 2017లో మోడళ్లకు వైద్య ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. విమర్శకులం మనం కథనూ పాటలనూ తూచి ఊరుకుంటే చాలదు. ఆ బొమ్మ ఏ పిల్ల కంచం ఖాళీ చేస్తున్నదో అడగాలి.