80 ఓటముల తర్వాత ఒక గెలుపు

రెండు మ్యాచ్‌లు ఓడితే చాలు, మన పిల్లలు బ్యాటు మూలన పడేసి 'ఇక ఆడను' అని అలుగుతారు. అలాంటిది ఒక కాలేజీ జట్టు వరుసగా 80 మ్యాచ్‌లు ఓడిపోయింది. దాదాపు తొమ్మిదేళ్లు గెలుపన్నదే ఎరగదు. అయినా మైదానం వదలలేదు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ నగరానికి కొంత దూరంలో ప్రెయిరీ వ్యూ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం 1876లో స్థాపించిన సంస్థ ఇది. అక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకుని, ఎదుటివారిని ఢీకొంటూ పరుగెత్తే ఆట. హెల్మెట్ లేకుండా ఎవరూ ఆడరు.

ఒకప్పుడు ఈ జట్టంటే హడల్. బిల్లీ నిక్స్ కోచ్‌గా ఉండగా 1953-64 మధ్య నల్లజాతి కాలేజీల జాతీయ చాంపియన్‌షిప్‌ను ఐదుసార్లు గెలుచుకుంది. తర్వాత తెల్లవారి కాలేజీలు నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకోసాగాయి. మేటి ఆటగాళ్లు అటు వెళ్లారు. దానికి తోడు క్రీడా నిధుల్లో అవకతవకలు బయటపడ్డాయి. 1990లో జట్టునే నిలిపివేశారు.

1991లో జట్టును మళ్లీ దించారు గానీ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులు లేవు. ఎదుటి జట్లకేమో ఉన్నాయి. ఆ ఏడాది 11 మ్యాచ్‌ల్లో ప్రెయిరీ వ్యూ చేసిన పాయింట్లు మొత్తం 48. ఎదుటివారు చేసినవి 617! డబ్బు లెక్కల్లో తప్పు చేసింది పెద్దలు. దెబ్బలు తిన్నది మాత్రం ఆ పిల్లలు. రూపాయి ప్రతిఫలం లేకుండా, ఓడతామని తెలిసీ వాళ్లు వారం వారం బరిలోకి దిగారు. విరామంలో కాలేజీ బ్యాండు వాయిస్తుంటే చూడటానికి మాత్రం జనం వచ్చేవారు.

1998 సెప్టెంబరు 26న ఓక్లహోమా సిటీలో లాంగ్‌స్టన్ విశ్వవిద్యాలయంపై 14-12 తేడాతో ఎట్టకేలకు గెలిచారు. 1989 అక్టోబరు తర్వాత అదే తొలి విజయం. అంతటితో కష్టాలు తీరిపోలేదు. ఓటములకన్నా గెలుపులు ఎక్కువున్న సీజన్ 2007లో గానీ రాలేదు. 2009లో తమ లీగ్ టైటిల్‌నూ గెలుచుకున్నారు. 1964 తర్వాత అదే మొదటిసారి.

ఆ కప్పు అందుకున్నవారిలో 1991లో ఆడినవారు ఒక్కరూ లేరు. కొందరు నాలుగేళ్లూ ఆడి, ఒక్క గెలుపైనా చూడకుండానే చదువు ముగించి వెళ్లిపోయారు. కానీ వాళ్లు రాకపోయి ఉంటే 1998 నాటికి ఆ జట్టే ఉండేది కాదు.

మీ అబ్బాయి ఓడి ఇంటికొస్తే 'ఎన్ని పరుగుల తేడా?' అని అడగడం సహజమే. దానితోపాటు 'రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?' అని కూడా అడిగి చూడండి.