ఆరని మీట

మనిషి దేహంలోని కణం సాధారణంగా తనంత తాను రెండుగా చీలదు; పెరుగుదల కారకాల రూపంలో బయటి నుంచి కబురు రావాలి, కణత్వచం మీది గ్రాహకాలు దానిని అందుకోవాలి, లోపలి ప్రోటీన్లు చేతులు మార్చుకుంటూ కేంద్రకంలోని జన్యువుల దాకా చేర్చాలి. ఈ వరుసలో త్వచం లోపలి అంచున అతుక్కుని ఉండే రాస్ అనే చిన్న ప్రోటీన్ మీటలా పనిచేస్తుంది: జీటీపీ అనే అణువు దానికి అంటి ఉన్నంతసేపు కబురు సాగుతుంది, సహాయక ప్రోటీన్ తోడుతో రాస్ దానిని కోసి జీడీపీగా మార్చగానే ఆగుతుంది. ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెంలో మిర్చి తోటకు నీరు పెట్టే రైతుకు మోటారు వేయడం ఎంత అవసరమో, వేళకు బందు చేయడమూ అంతే అవసరం, కణానికీ అంతే.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన పట్టా పొంది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో చేరిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, ఆయన సహచరులు 1982లో టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల రాస్ జన్యువును మామూలు జన్యువుతో పోల్చి చూసి, కణాన్ని దారి తప్పించే గుణం ఒకే ఒక్క అక్షరం మార్పు వల్ల వచ్చిందని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అదే ఏడు మరి రెండు బృందాలూ ఇదే నిర్ణయానికి వచ్చాయి. పన్నెండో అమైనో ఆమ్లమైన గ్లైసిన్‌ను సూచించే 'జీజీసీ'లో నడిమి జీ స్థానంలో టీ చేరి, వాలిన్ వచ్చింది. గ్లైసిన్ అమైనో ఆమ్లాలన్నిటిలో చిన్నది; దానికన్నా పెద్దదైన వాలిన్ జీటీపీని కోసే చోట అడ్డు నిలవడంతో మీట ఆరదు, కబురు రాకున్నా విభజన ఆజ్ఞ పోతూనే ఉంటుంది. అయితే క్యాన్సర్‌కు ఇదొక్కటే చాలదు, పీ53 వంటి కాపలా ప్రోటీన్లు కూడా చెడాలి.

భద్రాచలం అడవుల తునికాకుతో చుట్టే బీడీ పొగలోనూ ఉండే బెంజోపైరీన్ అనే రసాయనం, దేహంలో మార్పు చెంది డీఎన్‌ఏలోని జీకి అంటుకుని, నకలు తీసేటప్పుడు దానిని టీగా మార్చగలదు. టీ24 కణాలలోని మార్పుకు పొగాకే కారణమని దీనర్థం కాదు గాని, మార్పు తీరు మాత్రం అదే.

1982 నాటి ఆ ప్రకటన తరువాత దాదాపు నలభై ఏళ్లకు, 2021లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సోటోరాసిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి లభించింది. రాస్ కుటుంబానికి చెందిన, పన్నెండో స్థానంలో సిస్టీన్ చేరిన కేరాస్ అనే ప్రోటీన్‌లో ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని పట్టుకుని, ఇది మీటను ఆరిన స్థితిలోనే బిగించి ఉంచుతుంది. వాలిన్‌లో గంధకం లేదు కనుక, 1982లో బయటపడిన మార్పు మీద ఈ మందు పట్టు సాగదు.