ముందు పెల్లెట్లు, తర్వాతే రైఫిల్

షూటింగ్ సంఘం తన రేంజ్‌లో దుకాణం పెడితే ఏం అమ్మాలి? సమాధానం ఢిల్లీ కోచింగ్ వీధుల్లో సగం, ఆయుధాల చట్టంలో సగం దొరుకుతుంది

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ దుకాణదారులకు గిరాకీ లెక్క కొట్టిన పిండి. సివిల్స్ రాయడానికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి ఇరుకు గదిలో దిగిన కుర్రాడికి ఏం కావాలో వారికి బాగా తెలుసు. మెయిన్స్ ప్రాక్టీసుకు జవాబు పుస్తకాలు, జిరాక్స్ నోట్సు, పాత పుస్తకాలు, పెన్నుల రీఫిళ్లు. అన్నీ విడివిడిగా, నడిచి వెళ్లేంత దూరంలో. ఖరీదైన పెన్నుతో ర్యాంకు రాదన్న సంగతి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు.

నగరానికి దక్షిణపు కొసన తుగ్లకాబాద్‌లో ఉన్న డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్‌కు వచ్చేవారూ దాదాపు ఇలాంటి అభ్యర్థులే. ఏళ్ల తరబడి సాధన, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని స్థానాలు. 1982 ఆసియా క్రీడల నాటి ఈ రేంజ్‌ను 2010 కామన్వెల్త్ క్రీడలకు తిరిగి తీర్చిదిద్దారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌వే. అంతకు ముందు ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ స్వర్ణంతో సహా నాలుగు పతకాలు తెచ్చింది. ఇలాంటి వార్తలు చదివి పిల్లల్ని రేంజ్‌కు తీసుకొచ్చే తల్లిదండ్రులు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ తుపాకీ కొనమంటారు?

ఆ ప్రశ్నకు సంఘం దుకాణం ఏం చెబుతుందన్న దాన్ని బట్టే దాని నైజం తెలుస్తుంది. పోటీలకు పనికొచ్చే విదేశీ ఎయిర్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్‌కు రైఫిల్ కొనడానికి తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్న సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది. నారంగ్ విషయంలో ఆ త్యాగం ఫలించింది. ఫలించని ఇళ్ల సంగతి పత్రికల దాకా రాదు. మూడో నెలకే ఆట మానేసే పిల్లాడి తండ్రికి మొదటి రోజే రైఫిల్ అంటగట్టే దుకాణం సంఘానికి ఆదాయం తెస్తుందేమో గానీ మంచిపేరు తేదు. కోచ్‌కు కమీషన్ ముట్టే ఏర్పాటుంటే చెప్పనే అక్కర్లేదు. దుకాణంలో ముందుగా ఉండాల్సింది అద్దె రైఫిళ్లు, అద్దె పిస్టళ్లు.

అమ్మాల్సిన సరుకుల్లో మొదటి స్థానం పెల్లెట్లది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాని మీదికి వెళ్లే పెల్లెట్ 4.5 మి.మీ. అంటే చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు పెద్దది. అర్హత రౌండ్‌లో 60 షాట్లు, స్కోరు దశాంశాల్లో, ఒక షాట్‌కు గరిష్ఠంగా 10.9. రోజుకు వంద షాట్లు కాల్చేవారికి 500 పెల్లెట్ల డబ్బా అయిదు రోజులకే ఖాళీ. పైగా అన్ని డబ్బాలూ ఒకటి కావు. 4.49, 4.50, 4.51 అంటూ మి.మీ.లో నూరో వంతు తేడాతో పెల్లెట్లు వస్తాయి. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. .22 తూటాల తయారీ సంస్థలు ఎలీ బర్మింగ్‌హామ్‌లో, లాపువా జర్మనీలో ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. షూటర్ తన రైఫిల్‌తో వెళ్లి, రకరకాల లాట్లు కాల్చి, నచ్చిన లాట్‌నే కొనుక్కుంటాడు. మన రేంజ్ దుకాణం అంత చేయనక్కర్లేదు. నాలుగైదు రకాల డబ్బాలు విప్పి ఇరవయ్యేసి పెల్లెట్లు విడిగా అమ్మితే చాలు. అవతల పది మీటర్ల దూరంలోనే టార్గెట్ ఉంది మరి. ఊళ్లోని ఏ క్రీడా సామగ్రి దుకాణానికీ లేని సౌలభ్యం ఇది.

జాకెట్ల విషయం వేరు. ఒక పొర మందం 2.5 మి.మీ. మించకూడదన్నది అంతర్జాతీయ నిబంధన. బూటు అడుగు భాగం ఎంత వంగాలో కూడా నిర్దేశించారు. రెడీమేడ్ జాకెట్ల గుట్ట పేర్చుకునే బదులు, కొలతలు తీసుకుని ఆర్డర్ పంపే మనిషి, మందం కొలిచే గేజ్ ఉంటే మేలు. పోటీ రోజున తనిఖీలో తిరస్కరించే జాకెట్ ఎంత ఖరీదైనదైనా గోనెసంచితో సమానం. ఎయిర్ సిలిండర్లకు పదేళ్ల కాలపరిమితి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేవారు దాన్ని గమనించకపోతే మోసపోతారు. సిలిండర్ మీది తేదీ చదివి చెప్పడం, గాలి నింపిపెట్టడం కూడా దుకాణం పనే.

చిన్న విడిభాగాలను ఎవరూ పట్టించుకోరు, అవసరం పడేదాకా. 2021లో టోక్యో ఒలింపిక్స్ అర్హత రౌండ్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. సరిచేసుకునేసరికి దాదాపు ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. చివరకు రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. సీళ్లు, స్క్రూలు, బ్యాటరీలు, అలెన్ కీలు, వాటిని బిగించడం తెలిసిన ఒక మెకానిక్. ఇంత మాత్రం మన రేంజ్‌లలో సాధనకైనా అందుబాటులో ఉండాలి.

ఇక తూటాలు. గాలి తుపాకుల దగ్గర చట్టం కొంత ఉదారంగానే ఉంది. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. .22 తూటా, 12 బోర్ కార్ట్రిడ్జ్ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 1959 ఆయుధాల చట్టం కింద అమ్మేవారికి డీలర్ లైసెన్స్ ఉండాలి, కొనేవారికి తుపాకీ లైసెన్స్ ఉండాలి. ప్రతి తూటా లెక్కలోకి ఎక్కాలి. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించినా, 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ షూటర్లకు తుపాకులు, తూటాల పరిమితి పెంచింది. సడలింపు క్రీడాకారుడికే గానీ కొట్టుకు కాదు.

బ్రిటన్‌లోని బిస్లీలో 1890 నుంచీ రైఫిల్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి ఆవరణలోనే ఫుల్టన్ తుపాకుల దుకాణం తరతరాలుగా నడుస్తోంది. అది చూసి ఇక్కడా తూటాలు పేర్చాలనుకునే సంఘం ముందు గది సంగతి చూసుకోవాలి. ఓల్డ్ రాజిందర్ నగర్ ఈ విషయంలోనూ పాఠమే, కాకపోతే చేదు పాఠం. 2024 జూలై 27న అక్కడి ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద నీరు చొచ్చుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. సామాన్లు దాచుకోవడానికి అనుమతి ఉన్న సెల్లార్‌లో లైబ్రరీ నడిపారు. రేంజ్‌లో దీనికి తిరగేసిన ప్రమాదం పొంచి ఉంటుంది. మనుషులు తిరిగే ఆఫీసు గది కాస్తా మందుగుండు గోదాముగా మారిపోవచ్చు. డీలర్ లైసెన్స్, తగిన స్ట్రాంగ్ రూమ్, రోజూ రిజిస్టర్ రాసే మనిషి లేని సంఘం పెల్లెట్ల దగ్గరే ఆగిపోవడం మంచిది.

మిగతావి చిల్లర సరుకులే అయినా మరవకూడనివి: చెవి ప్లగ్గులు, రక్షణ కళ్లద్దాలు, తుపాకీలో గుండు లేదని చూపించే నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగులు, పేపర్ టార్గెట్లు. టీ, సమోసాలకు గిరాకీ ఎటూ ఉంటుంది. అయితే పెల్లెట్లు సీసంతో చేసినవి. ఆ చేతులతోనే పిల్లలు సమోసా తింటే సీసం ఒంట్లోకి పోతుంది. అందుకే తినుబండారాల కౌంటర్ వేరుగా, దూరంగా ఉండాలి. మధ్యలో కుళాయి, సబ్బు ఉండాలి. ఆ సబ్బు మాత్రం అమ్మకానికి పెట్టకూడదు.