నీళ్ళ పథకానికి తొలి లెక్క చివరి వాడదే

దొరవారిసత్రానికి తూర్పున పులికాట్ సరస్సు. వానాకాలంలో కంటినిండా నీళ్ళే, గొంతులో పోసుకుంటే ఉప్పు. పడమరన కండలేరు నుంచి చెన్నైకి పోయే తెలుగుగంగ కాలువ. ఈ రెంటి మధ్యన కూలిజనం బిందె పట్టుకుని నిలబడి ఉన్నారు.

చెన్నైకి నీళ్ళివ్వడానికి 1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 12 టి.ఎం.సి.లు సరిహద్దు దగ్గర అప్పగించాలన్నారు. 1996లో నీళ్ళు సరిహద్దు దాటాయి. అది తప్పని మనం అనడం లేదు. చెన్నై పేటల్లో కుళాయి దగ్గర కాచుకునేదీ మనలాంటి కూలి మనిషే. మన ప్రశ్న ఒక్కటే: అంత దూరం కాలువ తవ్వగలిగినవాళ్ళకి దగ్గరి పల్లెకు గొట్టం వెయ్యడం చాతకాదా?

ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటి కుళాయి ద్వారా ఇస్తామని కేంద్రప్రభుత్వం 2019లో ప్రకటించింది. ఆ లెక్కన దారిలో పోయేది తీసేస్తే, ఒక్క టి.ఎం.సి. 14 లక్షల మందికి ఏడాదంతా సరిపోతుంది. అయిదుగురున్న ఇంటికి రోజుకి 275 లీటర్లు. అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిది! మీ వాడలో ఎన్ని బిందెలొస్తున్నాయో మీరే లెక్క చూసుకోండి.

"బోరేస్తే సరిపోదా?" అనే పెద్దలున్నారు. సముద్రతీరాన భూమిలో తీపినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. పైన తీపినీరు ఒక అడుగు దిగితే అడుగున ఉప్పునీరు సుమారు నలభై అడుగులు పైకొస్తుందని శాస్త్రం చెబుతోంది. ఎడాపెడా తోడితే బావి చేదెక్కక ఏమవుతుంది? రొయ్యల చెరువుల వల్ల తీరంలో తాగునీటి బావులు ఉప్పుబారుతున్న సంగతిని 1996లో సుప్రీంకోర్టు సయితం గుర్తించింది.

అందుకే చెరువుల్ని కాపాడుకోవాలి. నేలపట్టు చెరువునే చూడండి. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. గూడకొంగల రెట్ట కలిసిన ఆ నీళ్ళు చేలకు సత్తువని రైతుల మాట. చెరువులో నీరు నిలిస్తే పక్షికీ పైరుకీ మేలు. భూమిలోకి దిగిన తీపినీరు ఉప్పును వెనక్కి నెడుతుంది.

కొత్త పథకం ప్లాను ఆఫీసులో గీస్తే ట్యాంకు పెద్దవీధిలో లేస్తుంది, గొట్టం వాడకు వచ్చేసరికి నీటికి వత్తిడి చాలదు. కనుక కొలత చివరి వాడ నుంచి మొదలవ్వాలి. గ్రామసభ పగలు కాదు, కూలి నుంచి తిరిగొచ్చాక సాయంత్రం పెట్టాలి. మోటారు మరమ్మతుకీ, నీళ్ళు వదిలే మనిషి జీతానికీ ప్లానులోనే డబ్బు చూపాలి. ఆడవాళ్ళ మాట ముందు వినాలి, బిందె బరువు తెలిసింది వాళ్ళకే.

నీళ్ళు దానం కాదు, హక్కు. ప్లాను కాగితం మీద ఉండగానే మన వాడ పేరు అందులో ఉందో లేదో పోయి అడుగుదాం. గొట్టాలు పూడ్చాక అడిగితే ఏం లాభం?