కార్డు దొరికింది, కానీ పలకడం లేదు

“కార్డు కనపడిందనే రాసింది కదా సార్, మరి నెట్ ఎందుకు రావట్లేదు?” ఫ్రీబీఎస్‌డీ ఎక్కిస్తున్న ఒక విద్యార్థి ప్రశ్న ఇది. బూట్ సందేశాల్లో ‘అటాచ్ రిటర్న్‌డ్ 6’ అని ఉంది. నెట్‌వర్క్ కార్డును కనుక్కోవడం ఒక పని, డ్రైవర్ దానికి అటాచ్ కావడం ఇంకో పని. ఒకప్పుడు మొదటిదే పెద్ద గండం.

ఆ రోజుల ఐఎస్‌ఏ స్లాట్లో ఏముందో అడిగే దారే ఉండేది కాదు. చవకైన ఎన్‌ఈ2000 కార్డుకి జంపర్లతో అడ్రసు పెట్టేవాళ్లు, ఎక్కువగా హెక్సాలో 300. డ్రైవర్ ఒక్కో పోర్టే తట్టి చూసేది. అక్కడ వేరే కార్డుంటే ఒక్కోసారి మిషనే హ్యాంగ్! ఫలానా అడ్రసుల జోలికి పోవద్దని చెప్పడానికే లినక్స్‌లో ‘రిజర్వ్’ అనే బూట్ ఆప్షన్ ఉండేది.

త్రీకామ్ ఎథర్‌లింక్ త్రీ వేసిన ఎత్తు చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. పవర్ వచ్చాక ఆ కార్డు ఐడీ పోర్టు ఒక్కదాని మీదే చెవి వేసి ఉంటుంది. అక్కడ 255 బైట్లు నిర్ణీత క్రమంలో రాస్తే గానీ నోరు విప్పదు. అంత వరుస పొరపాటున ఎవరు రాస్తారు? అలాంటివే రెండు మూడు కార్డులుంటే ఇంకా సరదా. డ్రైవర్ అన్నిటినీ ఒకేసారి ఎథర్‌నెట్ చిరునామా అడుగుతుంది, రీడ్‌కి ఒక బిట్ చొప్పున. అన్నీ అవే తీగల మీద జవాబిస్తాయి. తాను పెట్టిన బిట్ ఒకటై, తీగ మీద కనపడింది ఇంకొకటైతే ఆ కార్డు తనంతట తానే తప్పుకుంటుంది. 48 బిట్ల చిరునామా ఏ కార్డుది దానిదే కాబట్టి ఆఖరికి ఒక్కటే మిగులుతుంది. దానికో ట్యాగ్ నంబరిచ్చి, మిగతావాటికి మళ్లీ మొదటి నుంచి పోటీ. ఓడినవాటికి ఓడాయని ఎవరూ చెప్పక్కర్లేదు!

పీసీఐ వచ్చి ఈ ఆట కట్టించింది. ప్రతి స్లాటునీ విడిగా అడగొచ్చు. ఉన్నది తన కంపెనీ నంబరు చెబుతుంది. ఇంటెల్ వాళ్లయితే తమ పాత చిప్పు పేరే పెట్టుకున్నారు, 8086. ఖాళీ అయితే అన్నీ ఒకట్లే వస్తాయి.

ఇప్పుడు బండి ఆగేది అటాచ్ దగ్గరే: మెమరీ, ఇంటరప్ట్ తీసుకోవడం, చిప్పుని రీసెట్ చేయడం, కేబుల్ వైపుండే ‘ఫై’ని పలకరించడం. ఎక్కడ తప్పినా చాలాసార్లు అదే 6 వస్తుంది, కాబట్టి దాని పై లైను చదవాలి. అక్కడ ‘అటాచింగ్ ఫైస్ ఫెయిల్డ్’ అని ఉండి, మీరు వేరే ఓఎస్‌లోంచి రీస్టార్ట్ చేసి వచ్చుంటే, ఆ ఓఎస్ డ్రైవర్ పోతూ పోతూ చిప్పుని నిద్రపుచ్చి ఉండొచ్చు. రీస్టార్ట్ చేసినంత మాత్రాన కార్డుకి స్టాండ్‌బై కరెంటు ఆగదు. డ్రైవర్ మార్చడం తర్వాత, ముందు పవర్ తీగ పీకి కాసేపాగి పెట్టండి.