పడవ మోటారుకు విడి ఇంధన ట్యాంకు

మంజీరా పరివాహక ప్రాంతమున పుట్టి పెరిగిన మనకు నీరు కొత్త కాదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఒకవైపు, ఎల్లారెడ్డికి దాపున 1922 నాటి పోచారం జలాశయం మరొకవైపు మన ఊళ్లకు అన్నం పెట్టుచున్నవి. జాలరి సోదరులు పుట్టిలో కూర్చుండి తెడ్డు వేయుచుండగా గట్టున నిలబడి చూడని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఉర్దూ విభాగపు మిత్రులు దానినే కష్తీ అందురు. అయితే తెడ్డుతో సాగని సమయములు గలవు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసినపుడు రోడ్లు తెగినవి, భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొని పోయినది, నీట చిక్కినవారిని తెచ్చుటకు విపత్తు సహాయ దళముల పడవలు రావలసి వచ్చినది. అటువంటి పడవల వెనుక అంచున తగిలించు మోటారునే ఔట్‌బోర్డు మోటారు అందురు. దాని గురించి చెప్పువారు గుర్రపుశక్తిని చెప్పుదురే కాని, పక్కన పడియుండు ఎర్ర డబ్బా మాట ఎత్తరు. మేము ఈ వ్యాసమున ఆ డబ్బాను గురించియే ముచ్చటింపదలచితిమి.

కారణము లేకపోలేదు. కొంతకాలం క్రితం మేము కొందరము ఒక మోటారు పడవలో నిజాంసాగర్ నీటి మీదికి వెళ్లితిమి. పది నిమిషములు చక్కగా నడచిన మోటారు ఉన్నట్లుండి దగ్గి ఆగిపోయినది. పడవవాడు త్రాడు లాగి లాగి చెమటలు క్రక్కినాడు. గాలి మమ్ములను ఒడ్డుకు దూరముగా నెట్టుచున్నది. మాలో ఒకరు గొట్టం మధ్యనున్న రబ్బరు బల్బును తాకి చూడగా అది ఎండిన నిమ్మకాయవలె నొక్కుకొని పోయి యున్నది. ట్యాంకు మూతపై నుండు గాలిమరను ఎవరూ విప్పలేదు! ఇంధనము బయటికి పోవుచున్నకొలది ఆ ఖాళీలోనికి గాలి ప్రవేశింపవలెను. ప్రవేశింపనిచో లోపల శూన్యమేర్పడి, మోటారులోని చిన్న పంపు ఎంత పీల్చినను పెట్రోలు రాదు. మర విప్పగానే బుస్సుమని గాలి లోనికి పోయినది. బల్బును నాలుగుమారులు నొక్కిన పిమ్మట మోటారు మరల పలికినది. వరద ప్రవాహంలో ఇదే జరిగియున్నచో ఈ వ్యాసమునకు అవకాశముండెడిది కాదు.

బల్బు విషయము ఇంకొంత చెప్పవలెను, ఏలయన అది చేతికి అందు వైద్యుని వంటిది. దానిపై బాణపు గుర్తు ఉండును. ఆ బాణము మోటారు వైపు చూడవలెను. మోటారువైపు కొనను పైకి నిలిపి పిండుచుండగా అది క్రమముగా గట్టిపడవలెను. ఎంత పిండినను మెత్తగానే యున్నచో ఎక్కడనో గాలి జొరబడుచున్నదని గాని, ట్యాంకు ఖాళీ అయినదని గాని అర్థము. నడకలో నొక్కుకొని పోయినచో ట్యాంకు వైపున అడ్డు ఉన్నదని అర్థము.

ఇక ట్యాంకు ఎంత పెద్దది కావలెను? బజారులో సుమారు 12 లీటర్లవి, 24, 25 లీటర్లవి సాధారణముగా లభించును. పూర్తి వేగమున పెట్రోలు మోటారు ఒక్కొక్క గుర్రపుశక్తికి గంటకు రమారమి 0.38 లీటరు త్రాగునని ఒక లెక్క గలదు; పాత రెండు స్ట్రోకుల మోటార్లు ఇంకొంచెము ఎక్కువే త్రాగును. అనగా 15 గుర్రపుశక్తి మోటారుకు గంటకు ఆరు లీటర్లు అనుకొనవచ్చును. 24 లీటర్లతో నాలుగు గంటలు. ఈ నాలుగు గంటలను చూచి సంబరపడరాదు. మూడవ వంతు పోవుటకు, మూడవ వంతు వచ్చుటకు, మిగిలిన మూడవ వంతు ఆపదకు అనునది నావికుల పద్ధతి. నిశ్చలమైన చెరువులో ఇది చక్కని పద్ధతియే. పారు నీటిలో మాత్రము ఇదియు మోసగించును. నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోవు పడవ, గంటకు 4 కిలోమీటర్ల ప్రవాహమున పడి దిగువకు పోయినచో నేలను బట్టి చూడగా 16 కిలోమీటర్ల వేగము. ఎదురెక్కి వచ్చునపుడు 8 మాత్రమే. తిరుగు ప్రయాణమునకు రెట్టింపు కాలము, రెట్టింపు పెట్రోలు. పోవునపుడు 8 లీటర్లు కాల్చినచో వచ్చుటకు 16 కావలెను, ఆపదకుంచిన భాగము కాస్తా హరించును. 8 లీటర్లు మిగులవలెనన్నచో దిగువకు పోవునపుడు అయిదుంబావు లీటర్లు దాటకమునుపే వెనుకకు తిరుగవలెను. ఎక్కించుకొన్న మనుష్యుల బరువును ఈ లెక్కలో మేము చేర్చలేదు.

పెద్ద ట్యాంకు ఒక్కటి మేలా, చిన్నవి రెండా అను ప్రశ్నకు మా మొగ్గు రెండింటి వైపే. 24 లీటర్ల పెట్రోలు ఒక్కటే 18 కిలోల వరకు తూగును. వానలో జారు కట్ట మీద దానిని మోయుట ఒంటరివాని పని కాదు. ఒక ట్యాంకులో నీరు చేరినను రెండవది కాపాడును. మార్చుటకు అరనిమిషము పట్టునన్నది నిజమే కాని, మొదటిది పూర్తిగా ఎండకమునుపే నెమ్మదియైన నీటిలో మార్చుకొనవచ్చును. చట్టము కూడా గుర్తుంచుకొనదగినది. 1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము అమ్మకమునకు కాని పెట్రోలును లైసెన్సు లేకుండ 30 లీటర్ల వరకే ఉంచుకొనవచ్చును. అదియు 25 లీటర్లకు మించని, గట్టిగా మూతపెట్టిన లోహపాత్రలలో. మంచినీళ్ల సీసాలలో పెట్రోలు తెచ్చి ఇంటి మూలన పెట్టు అలవాటు మన పల్లెలలో నేటికిని గలదు, అది విడువదగిన అలవాటు.

పూర్వము పడవ ట్యాంకులు ఉక్కు రేకుతో వచ్చెడివి. అవి దెబ్బకు ఆగును గాని లోపల తుప్పు పట్టి, ఆ పొడి కార్బురేటరులోనికి పోవును. నేడు ఎక్కువగా గట్టి ప్లాస్టిక్‌వి వచ్చుచున్నవి. తుప్పు లేదు, బరువు తక్కువ. అయితే ఎండ వేడికి ఉబ్బును. 2011 నుండి అమెరికా నిబంధనలను అనుసరించి చేసిన ట్యాంకులు ఆవిరిని బయటికి వదలక లోపలనే కొంత ఒత్తిడి నిలుపుకొనును. అట్టిదానికి గొట్టము తగిలించుటకు ముందు మూతను మెల్లగా వదులు చేసి ఒత్తిడి తీయవలెను, లేనిచో పెట్రోలు మోటారులోనికి పొంగివచ్చును. కొనునపుడు అడుగు వెడల్పుగా ఉన్నదానినే ఎన్నుకొనవలెను. పొడవాటిది అలకు బోర్లపడును. గొట్టము చివరి బిగింపులు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరున ఉండును గనుక మోటారు పేరు చెప్పి, వీలైనచో పాత బిగింపును వెంట తీసికొనిపోయి సరిచూచుకొనుట మంచిది.

నింపునపుడు ట్యాంకును పడవలో నుండి దింపి నేలపై నుంచవలెను. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. పడవలో ఒలికినచో ఆ ఆవిరి అడుగున చేరి నిప్పురవ్వ కొరకు కాచుకొని యుండును. అంచు వరకు నింపక పదవ వంతు వదలవలెను. ఇప్పుడు మనకు లభించు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాల్ కలియుచున్నది. ఇథనాల్ తేమను పీల్చును. తేమ మితిమీరినచో నీటితో కలిసి అడుగుకు దిగును, ట్యాంకులోని గొట్టము అందుకొనునది ఆ అడుగునే. అందుచేత వానకాలము రాబోవుచున్నదని వేసవిలోనే నింపి దాచుట తెలివి కాదు. నీటిని వేరుచేయు వడపోతను గొట్టము మధ్య పెట్టించుకొన్నచో ఖర్చు వృథా పోదు. పగిలిన గొట్టమును మాత్రము గుడ్డపీలికలతో చుట్టి నెట్టుకొని రారాదు.

రెండు స్ట్రోకుల మోటారైనచో లీటరుకు 20 మిల్లీలీటర్ల నూనె, అనగా 12 లీటర్ల ట్యాంకుకు 240 మిల్లీలీటర్లు, చాలా మోటార్లకు సరిపోవును. మోటారు పుస్తకము వేరుగా చెప్పినచో దానినే పాటింపవలెను. నాలుగు స్ట్రోకుల దానికి పెట్రోలులో నూనె కలుపరాదు. రెండు రకముల మోటార్లు ఉన్నచోట ట్యాంకులు ఒకే రంగున నుండుట వలన పొరపాటు సులభము. కనుక ఏది ఏ మోటారుదో, లోపల నూనె కలిసినదో లేదో, ఏ తేదీన నింపినదో ట్యాంకు మీద చెరగని సిరాతో తెలుగున, ఉర్దూలోను వ్రాసి యుంచవలెను. అర్ధరాత్రి వానలో ఆ ట్యాంకును ఎత్తువాడు దానిని నింపినవాడే కానక్కరలేదు.