చిరుయంత్రాల భాష – భద్రత

నేటి మానవుని దైనందిన జీవితంలో కంటికి కనిపించని సేవకులు ఎందరో ఉన్నారు. బట్టలుతికే యంత్రంలో, విద్యుత్ మీటరులో, రక్తపోటును కొలిచే పరికరంలో గోరంత చిప్ ఒకటి కొలువై ఉంటుంది. దానినే మైక్రోకంట్రోలర్ అంటారు. లెక్కలు చేసే భాగం, జ్ఞాపకం ఉంచుకొనే మెమరీ, బయటి పరికరాలతో సంబంధం నెరపే భాగం – ఈ మూడూ ఒకే చిప్‌లో ఇమిడి ఉండటం దీని ప్రత్యేకత. తనలో ఏ ప్రోగ్రాం నింపితే దానిని అది శిరసావహిస్తుంది. చెప్పిన పని చేస్తుందే కాని, చెప్పినవారెవరని అడగదు. ఆ ఒక్క ప్రశ్న అడగడం దానికి నేర్పినప్పుడే భద్రత మొదలవుతుంది.

చిరకాలం ఈ చిప్‌లతో సంభాషించడానికి సీ వంటి కఠినమైన భాషలే శరణ్యమయ్యాయి. నెదర్లాండ్స్ దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ 1991లో లోకానికి అందించిన పైథాన్ భాష సులభమైనదే అయినా, దానికి విశాలమైన మెమరీ కావాలి. 2013లో డేమియన్ జార్జ్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రజల విరాళాలతో మైక్రోపైథాన్‌ను రూపొందించి ఆ కొరత తీర్చాడు. అతడు దానితోపాటు తయారుచేసిన పైబోర్డులోని మెమరీ 192 కిలోబైట్లు మాత్రమే. 8 గిగాబైట్ల మెమరీ గల కంప్యూటరుతో పోలిస్తే అది నలభై వేల వంతులలో ఒక వంతు కూడా కాదు. 2016లో బ్రిటన్‌లోని పాఠశాలలకు సుమారు 10 లక్షల మైక్రోబిట్ బోర్డులను పంచినప్పుడు, ఆ బోర్డులపైన కూడా మైక్రోపైథాన్ నడిచింది. 2021లో వెలువడిన రాస్‌బెర్రీ పై పికో బోర్డు దానిని మరింతమందికి చేరువ చేసింది.

సీ భాషలో రాసిన ప్రోగ్రాం ముందుగా యంత్ర సంకేతాలుగా మారి, ఆ తరువాతనే చిప్‌లోకి చేరుతుంది. మైక్రోపైథాన్ పద్ధతి వేరు. ఇక్కడ భాషను అర్థం చేసుకొనే వ్యాఖ్యాతయే చిప్‌లో నివసిస్తాడు. విద్యుత్తు అందగానే అతడు మెయిన్ అనే ఫైలును తెరిచి, అందులోని వాక్యాలను చదివి అమలుచేస్తాడు. విద్యార్థి తీగ కలిపి ఒక వాక్యం టైపు చేస్తే దీపం తక్షణమే వెలుగుతుంది. నేర్చుకొనేవారికి ఇంతకంటె ఉపకారం లేదు. అయితే ఆ ఫైలు సాధారణ పాఠంగానే అక్కడ ఉంటుంది. తీగ కలపగలిగిన ప్రతివారూ దానిని చదవగలరు, దిద్దగలరు కూడా. ప్రోగ్రాంను సంకేతరూపంలోకి మార్చి పెట్టినా అది తాళం కాజాలదు. లిపి మార్చినంత మాత్రాన రహస్యం నిలవదు. ఆ లిపి తెలిసినవారు చదువుతూనే ఉంటారు.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఇతరులు ప్రోగ్రాంను చదివితే తయారీదారుని శ్రమ దోపిడీకి గురవుతుంది. ఇతరులు దానిని మార్చితే వాడుకరి ప్రాణానికే ముప్పు రావచ్చు. 2017 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. గుండె లయను సరిచేసే ఒక రకం పేస్‌మేకర్లకు దుండగులు దూరం నుంచి తప్పుడు ఆదేశాలు పంపే అవకాశం ఉందన్నది దాని సారాంశం. ఆ దేశంలో అటువంటి పరికరాలు సుమారు 4,65,000. వాటిని శరీరం నుంచి తీయకుండానే, ఆదేశించేవారి అధికారాన్ని పరీక్షించే కొత్త ప్రోగ్రాంను ఆసుపత్రులలో కొద్ది నిమిషాలలో నింపే ఏర్పాటు చేశారు.

మార్పును పసిగట్టడం ఎలా? తాళపత్రాల కాలంలో మన కావ్యాలకూ ఈ సమస్య ఎదురైంది. లేఖకుడు ఏమరుపాటున ఒక అక్షరం మార్చితే యతి తప్పేది, లేదా గణం చెడేది. పండితుడు దానిని ఇట్టే గుర్తించేవాడు. కాని ఛందస్సు తెలిసినవాడు పనిగట్టుకొని ఒక పద్యమే చొప్పిస్తే, లక్షణం ఎక్కడా చెడదు. ప్రక్షిప్తాలు ఆ విధంగానే పుట్టాయి. కంప్యూటరు శాస్త్రంలో ఫైలులోని అంకెలను కలిపి సరిచూసే పద్ధతి ఛందస్సు వంటిది. అది పొరపాటును పట్టుకొంటుంది, మోసాన్ని పట్టుకోలేదు.

మోసాన్ని పట్టుకొనేది డిజిటల్ సంతకం. తయారీదారు వద్ద జంట తాళంచెవులు ఉంటాయి. ఒకటి రహస్యం, మరొకటి బహిరంగం. రహస్యమైన దానితో అతడు ప్రోగ్రాంపై సంతకం చేస్తాడు. బహిరంగమైన దాని గుర్తును చిప్‌లో, ఒక్కసారి రాస్తే మరి చెరపడానికి వీలులేని మెమరీలో ముద్రిస్తాడు. విద్యుత్తు అందిన ప్రతిసారీ చిప్ ఆ సంతకాన్ని పరీక్షిస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు. యంత్రం ఆ ప్రోగ్రాంను నడపడానికి నిరాకరిస్తుంది.

మైక్రోపైథాన్ విషయంలో ఇక్కడ ఒక మెలకువ అవసరం. వ్యాఖ్యాతకు మాత్రమే సంతకం చేసి, అతడు చదివే మెయిన్ ఫైలును బయటనే వదిలివేస్తే, వీధి తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచి ఉంచినట్లే. కనుక ఆ ఫైలును కూడా వ్యాఖ్యాతలో అంతర్భాగం చేసి, రెండింటికీ కలిపి సంతకం చేయాలి. తీగ ద్వారా ఆదేశాలు స్వీకరించే ద్వారాన్ని మూసివేయాలి.

రహస్యపు తాళంచెవి పరుల పాలైతే ఈ కట్టుదిట్టమంతా వ్యర్థమవుతుంది. విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకంలో రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేత చిక్కుతుంది. చాణక్యుడు రాయించిన కపటలేఖపై ఆ ముద్ర పడగానే, మలయకేతువు తన మంత్రినే శంకిస్తాడు. ముద్ర నిజమైనదే, మాట మాత్రం రాక్షసునిది కాదు. తయారీదారు తాళంచెవిని తస్కరించినవాడు చేసే సంతకమూ అటువంటిదే. చిప్ దానిని నమ్మక తప్పదు.

అభేద్యమైన తాళం లోకంలో లేదు. 2024 ఆగస్టులో రాస్‌బెర్రీ పై సంస్థ ఆర్‌పీ2350 అనే చిప్‌ను విడుదలచేసి, అందులో దాచిన రహస్యాన్ని వెలికితీసినవారికి 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. తరువాత దానిని 20,000 డాలర్లకు పెంచింది. ఒకరు విద్యుత్తును లిప్తకాలం తగ్గించి చిప్‌ను తికమకపెట్టారు. మరొకరు లేజరు కాంతిని ప్రయోగించారు. 2025 జనవరిలో నలుగురు విజేతల పద్ధతులను సంస్థ స్వయంగా బహిరంగపరచి, అదే సంవత్సరం పలు లోపాలను సరిదిద్దిన చిప్‌ను వెలువరించింది. రక్షణ తాళంచెవి గోప్యతపై ఆధారపడాలి కాని, తాళం నిర్మాణాన్ని దాచడంపై కాదని ఆగస్ట్ కెర్‌క్‌హాఫ్స్ 1883లో చెప్పిన సూత్రానికి ఇది ఆచరణరూపం.

ముద్రించిన గుర్తును చెరపలేము. సంతకం చేసే తాళంచెవి పోతే, తయారీదారు సైతం తన యంత్రాన్ని దిద్దుకోలేడు. అందువల్ల విద్యార్థి అభ్యాసం చేసే బోర్డుకు తాళం వేయరాదు. అది తెరిచి ఉంటేనే చదువు సాగుతుంది. పరుల ఇంటికి, పరుల దేహంలోకి వెళ్లే యంత్రం సంగతి వేరు. దానిని వాడేవారు అందులోని ప్రోగ్రాంను చదవలేరు, పరీక్షించలేరు, నమ్మి ఉంటారు. ఆ నమ్మకానికి తగిన ముద్ర వేసి పంపడం నిర్మాత ధర్మం.

ప్రశ్నలు

1. మైక్రోపైథాన్ సౌలభ్యమే ప్రమాదానికి ఎట్లా దారితీస్తుందో వివరించండి.
2. ఛందస్సుకూ, డిజిటల్ సంతకానికీ గల భేదాన్ని వ్యాసం ఆధారంగా తెలపండి.
3. ముద్రారాక్షస కథను వ్యాసకర్త ఏ సందర్భంలో ప్రస్తావించారు?
4. అభ్యాసం చేసే బోర్డుకు తాళం ఎందుకు వేయరాదు?